రెండూ ఆడవేనని రాసిచ్చారు: కుందేళ్ల జత విషయంలో మీ సంస్థపై ఫిర్యాదు

కావలి,
ఫిబ్రవరి 5.

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: రెండూ ఆడవని చెప్పి ఆడామగా జతను అమ్మడం, ఈనిన తర్వాత మీ సహాయ కేంద్రం తప్పు సలహాలు ఇవ్వడం, సంరక్షణ పథకంలో ఉన్న ఆపరేషన్ల ఖర్చు ఇవ్వననడం.

అయ్యా,

గత ఆగస్టు 10న నెల్లూరులోని మీ దుకాణంలో మా అమ్మాయి కోసం రెండు తెల్ల కుందేలు పిల్లలను కొన్నాను. జత ధర 1,800 రూపాయలు. మీ సంరక్షణ పథకానికి మరో 2,499 రూపాయలు కట్టాను. రెండూ ఆడవే కావాలని రెండుసార్లు అడిగాను. మీ ఉద్యోగి రసీదు మీద తన చేత్తోనే ‘ఆడ – 2’ అని రాసిచ్చారు. మాది రెండు గదుల ఇల్లు, వెనక చిన్న వరండా. నేను ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటాను. కూనలు పుడితే సాకే చోటు లేదు కనుకనే అంతగా అడిగాను. ఈ రోజు ఆ వరండాలో పదమూడు కుందేళ్లు ఉన్నాయి.

రెండు నెలల పిల్లల్లో ఆడామగా తేల్చడం కష్టమని తర్వాత మాకు వైద్యం చేసిన డాక్టరు గారే చెప్పారు. మూడో నెల వచ్చేసరికి మగవాటికి విత్తులు కిందికి దిగుతాయి, అప్పుడు కాస్త పరిశీలించి చూసినవారికి ఎవరికైనా తెలుస్తుంది. కష్టమైన పనిలో పొరపాటు జరగవచ్చు, అది నాకు అర్థమవుతుంది. ‘ఇప్పుడే ఖాయంగా చెప్పలేం, నెల తర్వాత ఒకసారి తీసుకురండి’ అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. తెలియనిదాన్ని తెలిసినట్టు రసీదు మీద రాశారు. నా మొదటి ఫిర్యాదు అదే.

మా అమ్మాయి వాటికి మల్లి, జాజి అని పేర్లు పెట్టింది. జాజి మగదని మాకు తెలిసింది నవంబరు నెలాఖరున. అంతకు రెండు రోజుల ముందు నుంచి మల్లి నోటినిండా ఎండుగడ్డి అడ్డంగా కరచుకుని గూటిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ ఉంది. మేత మీద ధ్యాస లేదు. 26 రాత్రి గొంతు కింద, పొట్ట కింద బొచ్చు తనే పీక్కుంటుంటే గజ్జి పట్టిందేమోనని భయపడ్డాను. తెల్లవారి చూస్తే మూలన దూది ఏకి పోసినట్టు బొచ్చు కుప్ప. ఆ కుప్ప కదులుతోంది. చేత్తో పక్కకు తీస్తే లోపల ఏడు కూనలు. ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు తెరవలేదు, ఒకదాని మీద ఒకటి పడి వెచ్చగా ఉన్నాయి.

వెంటనే మీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. మగదాన్ని వేరే గూటిలో పెట్టాలా అన్నదే నేను అడిగిన మొదటి ప్రశ్న. ‘వద్దమ్మా, తండ్రి పక్కన ఉంటేనే తల్లికి ధైర్యం. వేరు చేస్తే బెంగపెట్టుకుని పిల్లలను తినేస్తుంది’ అని అటువైపు నుంచి జవాబు వచ్చింది. నేను నమ్మాను. జాజిని అక్కడే ఉంచాను.

ఈ సలహా ఎంత ప్రమాదకరమో మీ శిక్షణ విభాగం తెలుసుకోవాలి. గేదెకు, మేకకు ఉన్నట్టు కుందేలుకు నియమంగా వచ్చి పోయే ఎద ఉండదు. మగదానితో జత కట్టిన తర్వాతే అండం విడుదలవుతుంది. అందుకే ఈనిన కొన్ని గంటలకే మళ్లీ చూడి కట్టగలదు. చూడి కాలం దాదాపు 31 రోజులు. అంటే మగదాన్ని పక్కనే ఉంచితే, ఒక ఈత కూనలు తల్లిపాలు మానకముందే రెండో ఈత వచ్చి పడుతుంది. మాకు సరిగ్గా అదే జరిగింది. ఆ రోజు ఒక్క చెక్కపలక అడ్డం పెట్టమని చెప్పి ఉంటే చాలు.

అంతకంటే నన్ను బాధపెట్టింది పాల సంగతి. రోజంతా చూసినా మల్లి కూనల దగ్గరికి వెళ్లలేదు. పాలివ్వడం లేదని కంగారుపడి ఆ సాయంత్రం మళ్లీ ఫోను చేశాను. ఆవుపాలు గోరువెచ్చగా కాచి డ్రాపరుతో పట్టమన్నారు. పట్టాను. ఒక కూనకు ముక్కులోంచి పాలు బయటికి వచ్చాయి. మరొకటి నా అరచేతిలోనే ఎగశ్వాస తీసింది. తెల్లారేసరికి రెండూ చనిపోయాయి. మా అమ్మాయి వాటిని వేపచెట్టు కింద పూడ్చి వచ్చి, ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత రాత్రి నిద్ర పట్టక వరండాలోనే కూర్చున్నాను. నాలుగు దాటిన తర్వాత, ఇంకా చీకటి ఉండగానే, మల్లి లేచి గూటిలోకి దూకింది. కదలకుండా కూనల మీద నిలబడింది. గడియారం చూశాను, నాలుగు నిమిషాలు. మళ్లీ బయటికి దూకి, ఏమీ ఎరగనట్టు గడ్డి నమలసాగింది. టార్చి వేసి చూస్తే అయిదు కూనల పొట్టలూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. కుందేలు తల్లి పాలిచ్చేది రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలేనని డాక్టరు గారు తర్వాత చెప్పారు. మాటిమాటికీ గూటి దగ్గర ఉంటే శత్రువులు పసిగడతాయి కనుక దూరంగా ఉండటమే దాని కాపలా. కూన ఆకలితో ఉందో లేదో పొట్ట చూసి తెలుసుకోవాలి. డ్రాపరు అవసరమే లేదు. కుందేళ్లను అమ్మే సంస్థకు ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆ రెండు కూనలు బతికి ఉండేవి. ఈ మాట కోపంతో రాయడం లేదు. ఆ పాలు పట్టింది నా చేయే కనుక రాస్తున్నాను.

డిసెంబరు 14న నెల్లూరులో ఒక పశువైద్యుడికి చూపించాను. ఆయన మల్లి పొట్టను వేళ్లతో నెమ్మదిగా తడిమి, మళ్లీ చూడితో ఉందని చెప్పారు. జాజి సంగతి విని, ఇంటికి వెళ్లగానే వేరు చేయమన్నారు. ఆ సాయంత్రమే వేరు చేశాం. డిసెంబరు 28న మల్లి మళ్లీ ఈనింది, ఆరు. అప్పటికి మొదటి కూనలకు 31 రోజులు. మరో రెండు మూడు వారాలు తల్లిపాలు తాగవలసినవి. కొత్తవాటి కోసం వాటిని వేరే గూటికి మార్చక తప్పలేదు. ఎండుగడ్డి, గరిక వాటి ముందు ఎప్పుడూ ఉండేలా చూసుకున్నాను. మల్లి మాత్రం బాగా దిగిపోయింది. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. కడుపులో ఒక ఈత, చన్ను కింద ఒక ఈత, ఎనిమిది నెలలు కూడా నిండని ప్రాణి.

జాజికి జనవరి 11న తిరుపతిలో విత్తులు తీయించాను. మాకు దగ్గరలో గేదెలకు, మేకలకు వైద్యం చేసేవారు ఉన్నారు కానీ, కుందేలుకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడం వేరే అనుభవం కావలసిన పని. అందుకే నెల్లూరు డాక్టరు గారే అక్కడికి పంపారు. ఆపరేషనుకు 3,500 రూపాయలు, రానూపోనూ కారు ఖర్చు వేరు. మీ పథకం కరపత్రంలో ఆపరేషనుకు ముందు రాత్రి నుంచి మేత, నీరు ఇవ్వవద్దని అచ్చు వేశారు. అది కుక్కలకు, పిల్లులకు చెప్పే మాట. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు పెట్టే అవసరమే లేదు. మేత ఆగితే పేగుల కదలిక ఆగిపోయి అదే ప్రాణం మీదికి వస్తుంది. ఎండుగడ్డి వెంట తెచ్చుకోమని, మత్తు దిగగానే తినిపించమని అక్కడి డాక్టరు గారు ముందే ఫోనులో చెప్పబట్టి సరిపోయింది. ఆ కరపత్రం ఇంకా ఎంతమంది చేతుల్లో ఉందో మీకే తెలియాలి.

ఆపరేషన్ అయ్యాక జాజిని అదే రోజు మల్లితో కలపవచ్చని మీ సహాయ కేంద్రం మరో సలహా ఇచ్చింది. ఈసారి నేను వినలేదు. విత్తులు తీసిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు మగది చూడి కట్టించగలదు, ఆరు వారాలు ఆగమని డాక్టరు గారు చెప్పారు. ఆ గడువు ఫిబ్రవరి 22తో తీరుతుంది. అంతవరకు రెండు గూళ్లనూ పక్కపక్కన పెట్టి మధ్యలో ఇనుప జాలీ బిగించాను. మధ్యాహ్నం పూట జాలీకి అటూ ఇటూ ఒళ్లు ఆనించుకుని పడుకుంటాయి. పూర్తిగా విడదీస్తే ఒకదాని వాసన ఒకటి మరిచిపోయి, మళ్లీ కలిపినప్పుడు కొట్టుకుంటాయట. ఈ రోజుతో పది వారాలు నిండిన మొదటి కూనల్లో మగవి మూడు, ఆడవి రెండు అని డాక్టరు గారు తేల్చారు. వాటినీ విడదీశాం.

ఇక మీ ఉత్తరం సంగతి. పథకంలో ‘ఒక్కో జంతువుకు ఒక సంతాన నిరోధక ఆపరేషన్’ అని స్పష్టంగా ఉంది. ఖర్చు అడిగితే, ‘ఈనిన జంతువుకు, దాని జతకు వర్తించదు, జత కట్టించడం యజమాని బాధ్యత’ అని జనవరి 20న రాశారు. ఆడవి రెండు కొన్నదాన్ని నేను జత ఎలా కట్టిస్తాను? ఆ జత మీ కౌంటరులోనే తయారైంది. పైగా ఈనిన జంతువుకు వర్తించదన్న షరతు నాకు ఇచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు.

అదే ఉత్తరంలో, రెండింటినీ కూనలతో సహా తెచ్చి ఇచ్చేస్తే వేరే రెండు ఆడకుందేళ్లను ఉచితంగా ఇస్తామన్నారు. ఆ మాట చదివి నా చేతులు వణికాయి. వాటిని మీకు ఇస్తే మళ్లీ అదే బల్ల మీద, అదే ‘ఆడ – 2’ రసీదుతో ఇంకొకరి ఇంటికి వెళతాయి. మల్లి పదేళ్ల వరకు బతకగల ప్రాణి. దాన్ని ఇచ్చే ప్రసక్తి లేదు. కూనలనైనా తెలిసినవారికే, మగవాటిని మగవాటితో, ఆడవాటిని ఆడవాటితో, ఆపరేషన్ చేయిస్తామన్న మాట తీసుకునే ఇస్తాను. కూరకు అడిగినవారిని ఇప్పటికే ఇద్దరిని తిప్పి పంపాను.

నేను కోరుతున్నవి ఎక్కువేమీ కావు. జాజి ఆపరేషన్ ఖర్చు, మల్లికి జరగవలసిన ఆపరేషన్ ఖర్చు పథకం ప్రకారం చెల్లించండి. తిరుపతి ప్రయాణాల ఖర్చు, మీ పొరపాటు వల్ల పుట్టిన పదకొండు కూనల వైద్యం ఖర్చు ఇవ్వండి. ఆ కరపత్రాన్ని వెనక్కి తీసుకుని, పశువైద్యుడి చేత కుందేళ్లకు వేరుగా రాయించండి. ఆడామగా తేలని పిల్లలను ఆడవని అమ్మడం మానండి. ఫోనులో సలహాలిచ్చేవారికి తెలియకపోతే డాక్టరును అడగమని చెప్పే స్వేచ్ఛ ఇవ్వండి. నాతో మాట్లాడిన అమ్మాయి ఉద్యోగం తీసేయమని నేను అడగడం లేదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పెంపుడు జంతువుల దుకాణాల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన నియమాల్లో కుందేలు పేరు కూడా ఉంది. ఆ నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో మీ దుకాణం నమోదైన సంఖ్యను జవాబులో తెలియజేయండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, తర్వాత నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు.

మల్లి ఆపరేషన్ మార్చి 8న. చిన్న కూనలు పాలు మానిన తర్వాత అది కాస్త ఒళ్లు చేయడానికి రెండు వారాలు ఇచ్చి, ఎండలు ముదరకముందే డాక్టరు గారు ఆ తేదీ పెట్టారు. డబ్బు మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ రోజు తిరుపతి వెళతాం. రసీదు, పథకం పత్రం, మీ కరపత్రం, డాక్టర్ల చీటీలు, జనవరి 20 నాటి మీ ఉత్తరం నకళ్లు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
కావలి.