పొర మందమైతే గర్భసంచి తీసేయాలా?

సంపాదకునికి,

స్కానింగ్ రిపోర్టులో ‘గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది’ అన్న మాట చూడగానే క్యాన్సరేమోనని బెంబేలెత్తి, ఆపరేషన్‌కు సిద్ధపడే ఆడవాళ్లను మా వీధిలోనే చూశాను. ఆరోగ్య పేజీలేమో ‘ఈస్ట్రోజన్ ఎక్కువైతే పొర పెరుగుతుంది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాయి. అది తప్పు కాదు గానీ సగమే.

ఈస్ట్రోజన్ అనే ఈ స్త్రీ హార్మోన్ ఆ పనిని జన్యువుల చేత చేయిస్తుంది. 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ అనే శాస్త్రవేత్త రేడియోధార్మిక ఈస్ట్రడయాల్‌ను (ఈస్ట్రోజన్‌లో ఒక రకం) ఆడ ఎలుక పిల్లలకు ఇచ్చి చూస్తే, అది రక్తంలో తగ్గిపోయాక కూడా గర్భసంచిలో, ఏ రసాయన మార్పూ చెందకుండా నిలిచి ఉంది. దాన్ని పట్టి ఉంచే గ్రాహక ప్రోటీన్ ఉనికి అలా బయటపడింది. హార్మోన్ చేరిన గ్రాహకాలు జంటలుగా కూడి, డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోట కుదురుకుని, సహాయక ప్రోటీన్లను రప్పించి, కొన్ని జన్యువులను మేల్కొలుపుతాయి, కొన్నింటిని అణచివేస్తాయి. నెలసరి తర్వాత పలుచబడిన పొర మళ్లీ పెరిగేది ఇందువల్లనే. విచిత్రమేమిటంటే, ఎలుకల్లో పైవరుస కణాలు విభజన చెందడానికి వాటిలోని గ్రాహకం కన్నా కింది స్ట్రోమా (ఆధార కణజాలం) కణాల్లోని గ్రాహకమే కీలకమని ప్రయోగాల్లో తేలింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరొకటి. ఈస్ట్రోజన్ మేల్కొలిపే జన్యువుల్లో ప్రొజెస్టరాన్ అనే మరో స్త్రీ హార్మోన్‌కు గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు కూడా ఉంది; అంటే తనకు పడబోయే పగ్గాన్ని తానే పేనుకుంటుందన్నమాట. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ ఆ గ్రాహకం ద్వారానే పెరుగుదలను ఆపి, పొరను పిండానికి అనువుగా మలుస్తుంది. అండం విడుదల కాని నెలల్లో, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్న చాలామందిలో, ముట్లుడిగాక ఒంటి కొవ్వులోనే ఈస్ట్రోజన్ తయారయ్యే స్థూలకాయుల్లో ఆ పగ్గం వేసేవారుండరు. కాబట్టి, బయాప్సీలో (పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) అసాధారణ కణాలు కనిపించనప్పుడు, ప్రొజెస్టరాన్ తరహా మాత్రలో, అదే తరహా హార్మోన్‌ను విడుదల చేసే లూపో సాధారణంగా మొదటి చికిత్స అవుతాయి. పైగా నెలసరి వచ్చే స్త్రీలో ఈ మందం స్కానింగ్ చేసిన రోజును బట్టి మారుతుంది.

అలాగని ఉపేక్షించకూడదు. ముట్లుడిగిన తర్వాత కొద్దిపాటి రక్తం కనిపించినా పరీక్ష తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. రొమ్ములో ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే ఆ మందు గర్భసంచి పొరలో మాత్రం కొంతమేర ఈస్ట్రోజన్ లాగే పనిచేస్తుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త ఎక్కువైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. ఇవన్నీ పొర మందమై చేసినవని అనను. కానీ ‘బయాప్సీ చేశారా? ప్రొజెస్టరాన్ వాడి చూడవచ్చా?’ అని డాక్టరును అడగవచ్చని వీరిలో ఎందరికి తెలుసు? మీ ఆరోగ్య పేజీలో ఈ రెండు ప్రశ్నలనూ, వాటి వెనుక ఉన్న కారణాన్నీ స్త్రీల వైద్య నిపుణుల చేత వివరంగా రాయించగలరని కోరుతున్నాను.

– విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి