నెగటివ్ అంటే మంచిదా, చెడ్డదా?

సంపాదకులు గారికి నమస్కారం.

మా అమ్మ కడప నుంచి బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. పోయిన వారం జ్వరం తగ్గకపోతే మారతహళ్లిలో ఒక ల్యాబ్‌లో డెంగ్యూ పరీక్ష చేయించాం. కౌంటర్‌లో అమ్మాయి ‘నెగటివ్ వచ్చిందమ్మా’ అంది. నేను బిల్లు కట్టి వచ్చేసరికి అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ‘నెగటివ్‌గా ఆలోచించకు’ అని టీవీలో రోజూ వింటుంది కదా, అది చెడ్డమాటే అనుకుంది. పరీక్షలో నెగటివ్ అంటే వెతికిన జబ్బు గుర్తులు కనబడలేదని అర్థం. చాలాసార్లు అది మంచి కబురే.

రక్తం గ్రూపు దగ్గర ఇదే మాటకు ఇంకో అర్థం. అక్కడ నెగటివ్ అంటే ఎర్రకణాల మీద ఆర్‌హెచ్-డి అనే పదార్థం లేదని. లాండ్‌స్టైనర్, వీనర్ అనే శాస్త్రవేత్తలు 1940లో ప్రకటించిన ఆర్‌హెచ్ ఫ్యాక్టర్ ఇదే. అది జబ్బు కాదు. కానీ నెగటివ్ గ్రూపు తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే, తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా ప్రతిరోధకాలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుంది. ఈ సంగతి తెలియక ‘నా రక్తంలో ఏదో లోపం’ అని కుమిలిపోయిన కోడళ్లను నేను చూశాను. బ్యాటరీ, ఫొటో నెగటివ్‌ల సంగతి వదిలేద్దాం, వాటితో ఎవరికీ టెన్షన్ లేదు.

ల్యాబ్‌లవాళ్లకు నా విన్నపం ఒక్కటే. రిపోర్టు కింద కన్నడంలోనూ తెలుగులోనూ ‘ఈ జబ్బు గుర్తులు కనబడలేదు’ అని ఒక్క వాక్యం అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, బెంగళూరు