పౌడర్ ఎందుకు ముద్దకట్టిందంటే

నమస్కారం. గత రెండు నెలల్లో మా డిటర్జెంట్ పౌడర్ కొన్నవాళ్ళలో చాలామంది ఒకే మాట చెప్పారు. పొడి చేతికి జిడ్డుగా అంటుతోందని, పది రోజులకే ముద్దకడుతోందని, ఆరేసిన బట్టలకు నూనె వాసన వస్తోందని. ఒకావిడ ఫోన్ చేసి "ఇందులో కిరోసిన్ కలుపుతున్నారా?" అని సూటిగా అడిగారు. తేమ వల్లేనని ఆవిడకూ, మిగతా అందరికీ చెప్పాను. ఆ సమాధానం తప్పు. ముందుగా దానికి క్షమించండి.

కిరోసిన్ కలపలేదు. అయితే ఆవిడ అడిగినదాంట్లో అసలు విషయమే లేదని అనలేను. పౌడర్‌లో మురికిని వదిలించే సరుకు యాసిడ్ స్లర్రీ. గోధుమ రంగులో, తేనెలా చిక్కగా ఉంటుంది. దాని పుట్టుక కిరోసిన్ నుంచే. రిఫైనరీ కిరోసిన్‌లో రకరకాల అణువులుంటాయి. వాటిలో 10 నుంచి 13 కార్బన్లు వరసగా ఉన్న తిన్నని గొలుసులే మనకు కావాలి. వాటిని మాలిక్యులర్ సీవ్ అనే జల్లెడతో ఏరుతారు. దాని రంధ్రాల్లోకి తిన్నని గొలుసు దూరుతుంది, కొమ్మలున్నది దూరదు. తర్వాత వాటిని బాగా వేడిచేసి, ప్లాటినం ఉన్న ఉత్ప్రేరకం మీదుగా పంపి, కొంత హైడ్రోజన్ తీసేస్తారు. ఒక విడతలో పదో వంతుకు కాస్త ఎక్కువ మారుతుందంతే. మరీ ఎక్కువ మార్చబోతే పనికిరాని పదార్థాలు పెరుగుతాయి, అందుకని మిగిలినదాన్ని మళ్ళీ మొదటికి తిప్పుతారు. మారిన గొలుసును బెంజీన్‌కు తగిలిస్తే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ వస్తుంది. పేరులోని తొలి అక్షరాలతో మేమంతా ల్యాబ్ (LAB) అంటాం.

గొలుసు తిన్నగా ఉండాలనే పట్టుదల ఊరికే రాలేదు. 1950లలో ప్రొపిలీన్‌తో చేసిన, కొమ్మలున్న గొలుసులే వాడేవాళ్ళు. అవి బట్టలు బాగానే ఉతికేవి. కానీ నీటిలోని బాక్టీరియా వాటిని త్వరగా తినలేకపోయేది. నదుల మీద నురగ దిబ్బలు లేచాయి. జర్మనీ 1961లో చట్టం చేసి 1964 నుంచి అమలు చేసింది. ఆ దశకంలోనే అమెరికా పరిశ్రమ కూడా తిన్నని గొలుసుకు మారింది. ఉతికిన నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో ఆలోచించేవాణ్ణి కాబట్టి, కొమ్మల రకం ఎంత చవగ్గా దొరికినా మా దగ్గరకు రాదు.

ఇక మన సమస్యకు వస్తాను. ల్యాబ్ అచ్చంగా నూనె, నీళ్ళలో కలవదు. దానికి సల్ఫర్ ట్రైఆక్సైడ్ వాయువు పట్టిస్తేనే యాసిడ్ స్లర్రీ అవుతుంది. లెక్క ప్రకారం 240 కిలోల ల్యాబ్‌కు 80 కిలోల వాయువు చేరితే 320 కిలోలు వస్తుంది. ఈ చర్యలో వేడి విపరీతంగా పుడుతుంది. అందుకే మంచి ప్లాంటుల్లో ల్యాబ్‌ను చల్లబరిచిన గొట్టాల లోపలి గోడల మీద పల్చటి పొరగా జారనిస్తూ, పొడి గాలిలో పలచన చేసిన వాయువును తగిలిస్తారు. తర్వాత కాసేపు ఆగనిచ్చి, చివర్లో కొద్దిగా నీళ్ళు కలుపుతారు. వాయువు తక్కువ పడినా, ఆగాల్సినంత సేపు ఆగకపోయినా నూనె నూనెగానే మిగిలిపోతుంది. ఫ్రీ ఆయిల్ అంటారు దాన్ని.

మూడు నెలల క్రితం ధర తక్కువని నేను స్లర్రీ కొనే చోటు మార్చాను. వాళ్ళిచ్చిన రిపోర్టు కాగితం చూసి సంతకం పెట్టాను, డ్రమ్ములోంచి శాంపిల్ తీసి పరీక్ష చేయించలేదు. ఫిర్యాదులు ఆగకపోయేసరికి టెన్షన్ పట్టుకుని ఆఖరికి ల్యాబొరేటరీకి పంపాను. స్లర్రీలో 90 శాతం ఉండాల్సిన, మురికిని వదిలించే అసలు సరుకు 82 ఉంది. ఫ్రీ ఆయిల్ 7 శాతం. మంచి స్లర్రీలో అది 2 దాటకూడదు. మేం స్లర్రీని సోడా యాష్‌లో కలిపినప్పుడు ఆమ్లమంతా సోడాతో కలిసి పొడి అవుతుంది. నూనె ఆమ్లం కాదు కాబట్టి సోడా దాన్ని ఏమీ చేయలేదు. ఆ నూనే రేణువులకు పట్టి మీ చేతికి అంటింది, బట్టల్లో వాసనై మిగిలింది. ఇంకో మాట కూడా చెప్పాలి. వాసన ఫిర్యాదులు మొదలవగానే నేను సెంటు పెంచాను. కారణం వెతకాల్సిన సమయంలో వాసనను కప్పడానికి చూశాను. అలా చేసి ఉండకూడదు.

మిగిలిన డ్రమ్ములు వెనక్కి పంపేశాం. ఇకపై వచ్చే ప్రతి లోడునూ, అన్‌లోడ్ చేసే ముందే, అసలు సరుకు ఎంత, ఫ్రీ ఆయిల్ ఎంత అని బయట పరీక్ష చేయిస్తాం. మంచి స్లర్రీ ఖరీదు ఎక్కువ, పైగా ముడి చమురు ధర కదిలితే ల్యాబ్ ధరా కదులుతుంది. కాబట్టి వచ్చే బ్యాచ్ నుంచి ప్యాకెట్ ధర కొంచెం పెరుగుతుంది. బరువు తగ్గించను, ధర నిలబెట్టడానికి ఉప్పు, సోడియం సల్ఫేట్ లాంటి బరువు పెంచే చవక పొడులు ఎక్కువ పోయను.

పెట్రోలియం లేని పౌడర్ కావాలని అడుగుతున్నవాళ్ళకు: మాది అలాంటిది కాదు. కొబ్బరి నూనె, పామ్ నూనెల నుంచి చేసే సరుకులున్నాయి, మేమింకా వాటితో తయారు చేయడం లేదు.

గత రెండు నెలల్లో కొన్న ప్యాకెట్ సగం వాడినా సరే తెచ్చివ్వండి, పూర్తి ప్యాకెట్ ఇస్తాం. బిల్లు అక్కర్లేదు. వాసన పట్టిన బట్టల్ని కొత్త పౌడర్‌తో, బట్ట తట్టుకునేంత వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఉతకండి. అప్పటికీ పోకపోతే నాకే ఫోన్ చేయండి.