రక్తం సంచి మీది తేదీ తప్ప నాకేమీ తెలియని దాతలకు

జూన్ 21 రాత్రి ఖమ్మంలో మా చెల్లికి కాన్పయింది. ఆడపిల్ల. పాప ఏడుపు విని సంబరపడేలోపే, రక్తం ఆగట్లేదని సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైనే రక్తం పారుతుందట. మాయ పడ్డాక ఆ సంచి గట్టిగా బిగుసుకుంటేనే ధార ఆగేది. మా చెల్లికి బిగుసుకోలేదు. పైగా తనది అరుదుగా దొరికే బి నెగటివ్ రక్తం.

రక్తం కావాలని మా మరిది ఫోన్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టిన అరగంటకే ఫోన్లు మొదలయ్యాయి. కొత్తగూడెం నుంచి ఇద్దరు తమ్ముళ్లు వానలో బైకు మీద వచ్చారు. ఖర్చులకని ఇవ్వబోతే "అక్కా, పైసలు లోపల పెట్టు" అని తడిసిన చొక్కాతోనే వెళ్లి మంచమెక్కారు. మీ ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతున్నా. పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు.

వాళ్లిచ్చింది ఆ రాత్రే ఎక్కించలేదు. హెచ్ఐవీ, కామెర్లు, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ అయ్యాకే వాడతారు; మర్నాడు పనికొచ్చింది. మరి ఆ రాత్రి ఎక్కించింది ఎవరిది?

బ్లడ్ బ్యాంకు తమ్ముడు ముందు ఫ్రిజ్‌లోంచి ఇదివరకే దాతలిచ్చిన రక్తం నుంచి విడదీసిన ఎర్రకణాల సంచులు తీశాడు. రెండు ఎక్కినా రక్తం ఆగలేదు. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి, కారే రక్తాన్ని ఆపలేవు. ఆపాలంటే ముందు రక్తంలోని బుల్లి కణాలైన ప్లేట్‌లెట్లు గాయం దగ్గర గుమిగూడాలి, రక్తంలోని పలచటి నీరైన ప్లాస్మాలో ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ దారాల్లా మారి వాటి చుట్టూ వలలా అల్లుకోవాలి. అంత రక్తం పోయేసరికి చెల్లి ఒంట్లో ఈ రెండూ అడుగంటాయి.

ప్లాస్మా రాయిలా గడ్డకట్టి ఉంది. గోరువెచ్చని నీళ్లలో వేసి కరిగించాలి, అరగంట దాకా పడుతుందన్నాడు. గాజు తలుపు ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నా. తెల్లగా మంచు పట్టిన పలక మెల్లగా ఎండుగడ్డి రంగులోకి దిగింది. ప్లేట్‌లెట్లు ఇంకో పెట్టెలో అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టరట, ఊపుతూనే ఉంచాలట, అయినా ఐదు రోజులే నిలుస్తాయట.

సంతకం పెట్టేటప్పుడు సంచుల చీటీల మీద రక్తమిచ్చిన తేదీలు చూశా. ఎర్రకణాలు జూన్ 2. ప్లేట్‌లెట్లు జూన్ 19. ప్లాస్మా జనవరి 26. అప్పటికి మా చెల్లికి నాలుగో నెల, వేవిళ్లతో అన్నం ముద్ద దిగేది కాదు. ఆ రోజే ఎవరో చెయ్యి చాచి, తను ఎప్పటికీ చూడని ఒక బాలింత కోసం సూది గుచ్చుకున్నారు.

తెల్లారుజామున నాలుగు దాటాక డాక్టరమ్మ బయటికొచ్చి, రక్తం ఆగిందమ్మా అంది. గర్భసంచి కూడా తియ్యాల్సిన పని పడలేదు.

ఆ మూడు తేదీల్లో ఖమ్మంలో రక్తమిచ్చిన బి గ్రూపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకోసమే రాశా. మా చెల్లికి హిమోగ్లోబిన్ తొమ్మిది దాటింది. నిన్న సాయంత్రం తనే పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసింది.