కిటికీ మట్టం దాకా లేచిన గోడలు ఎందుకు పడగొట్టామంటే

మా దగ్గర ఇల్లు కట్టించుకున్నవాళ్ళకీ, వరసలో ఉన్నవాళ్ళకీ ఈ మాట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. కరెంటు లైనూ నీళ్ళ పైపూ రాని చోట పొలాల మధ్య కడుతున్న ఇంట్లో, కిటికీ మట్టం దాకా లేచిన గోడల్ని మేమే పడగొట్టాం. ఆ ఇల్లు రెండున్నర నెలలు ఆలస్యమవుతుంది. దాని తర్వాత వరసలో ఉన్న రెండిళ్ళూ ఇంచుమించు అంతే.

సిమెంటు కలిపి మెషీన్‌లో అదిమిన మట్టి ఇటుకలతో గోడలు కడతామని మీకు తెలుసు. ఇన్నాళ్ళూ ఒకరి దగ్గరే తెప్పించుకున్నాం. ఈసారి గోడ లేచిన వారానికే ఒక రాత్రి గట్టిగా వాన కొట్టింది. పొద్దున వెళ్ళి చూస్తే కింది వరసల్లో ఇటుకల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. గోటితో గీస్తే ముద్దగా ఊడొచ్చింది. మిగిలిన కుప్పలోంచి ఒకటి తీసి నీళ్ళ టబ్బులో వేశాం. సాయంత్రానికి నీళ్ళు ఎర్రబడ్డాయి. పైకి తీయబోతే సగం ఇటుకే చేతికొచ్చింది.

మెషీన్ ఎంత అదిమినా, లోపలి సిమెంటు గట్టిపడాలంటే తడి ఆరకూడదు. పట్టా కప్పి, తడుపుతూ 28 రోజులు ఉంచాలి. మాకు పంపినవి పది రోజులు కూడా నిండకుండా, ఎండలో ఆరబెట్టి లారీ ఎక్కించినవి. ఎండకి ఆరినది చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, తడిస్తే గానీ బయటపడదు. సప్లయర్‌కి ఫోన్ చేస్తే, "ఇన్నేళ్ళలో ఈ మాట అన్నది మీరొక్కరే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

అయితే ప్రతి లోడులో మూడు ఇటుకలు రాత్రంతా నానబెట్టి చూస్తామని మీ అందరికీ గొప్పగా చెప్పుకున్నది నేనే. వానల తొందరలో ఈ లోడుకి ఆ పని చెయ్యలేదు. అది పూర్తిగా నా తప్పు.

తర్వాత నాలుగు రాత్రులు నిద్ర లేదు. పైన సిమెంటు ప్లాస్టరింగ్ చేసేస్తే ఎవరికీ తెలియదని ఇద్దరు ముగ్గురు అన్నారు, మా మేస్త్రీతో సహా. నిజమే, తాళాలు ఇచ్చే రోజుకి గోడ నున్నగా మెరుస్తుంది. కానీ సిమెంటు పూతకి సన్నని పగుళ్ళు వస్తాయి, వాటిలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. దిగిన తడిని ఆ పూత తొందరగా బయటికి పోనివ్వదు. లోపల మట్టి నాని, పూత పెచ్చులుగా ఊడుతుంది. పిలిస్తే పలికే మేస్త్రీ కూడా దగ్గర్లో లేని చోట పిల్లలతో ఉండబోయే ఇల్లది. నాలుగో రోజు పొద్దున గడ్డపార నేనే పట్టుకున్నాను. మొండితనం అనుకున్నా సరే.

పడగొట్టిన ఖర్చు మాది, ఎస్టిమేట్‌లో ఒక్క అంకె మారదు. ఆ ముక్కలు నేల కింద నింపుడుకి కూడా వాడం. చూరు మాత్రం ముందు గీసినదానికన్నా ముందుకి పెంచుతున్నాం, జల్లు గోడకి తగలకుండా. సోలార్, బ్యాటరీల పనికి దీంతో సంబంధం లేదు, ఎండ లేని మూడు రోజులకి సరిపడా పెట్టాం. వాన నీటి ట్యాంకు అయిపోయింది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లెక్కకి 1,000 లీటర్లు, మేం మాత్రం 800 లీటర్లే వస్తాయనుకుని కట్టాం.

ఇకమీదట ఇటుకలు సైటులోనే, మా మెషీన్‌తో మేమే చేసుకుంటాం. పాత సప్లయర్ మళ్ళీ ఫోన్ చేసి డిస్కౌంట్ ఇస్తానన్నాడు. తిరిగి ఏమీ చెప్పలేదు.

ఆగలేమనుకునేవాళ్ళు చెప్పండి, అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను. ఆగేవాళ్ళు ఒకసారి సైటుకి రండి, మొదటి విడత ఇటుకలు పట్టా కింద ఉన్నాయి. 28 రోజులు నిండాక మీకు నచ్చినది తీసి నీళ్ళలో వెయ్యండి, టబ్బు అక్కడే ఉంటుంది.