కెమెరా కొనే ముందు ఒక్క నెల ఆగు మావా

ఒరేయ్ మావా,

నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండు సార్లు విన్నా. షార్ట్ ఫిలిం తీస్తా, ఈఎంఐ మీద కెమెరా తీసుకుంటున్నా అన్నావ్ కదా, ఒక్క నెల ఆగరా. ఫోన్లో చెప్దామంటే మధ్యలో నీకు ఇంకో కాల్ వస్తది, అందుకే కూర్చుని రాస్తున్నా.

మొన్న ఎండాకాలం మా నానమ్మతో ఫోన్‌లోనే మూడు నిమిషాల ఫిలిం తీశా అన్నాగా, అది ఎలా తీశానో నీకు సరిగ్గా చెప్పనేలేదు. పెద్ద కథేం కాదు, ఆవిడ డాబా మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతూ బాబాయి ఫోన్ కోసం చూస్తా ఉంటది, అంతే. మొదటి రోజు పన్నెండింటికి తీశా, ఎండ నడినెత్తిన ఉంటే కళ్ళ కింద నల్లగా గుంటలు పడిపోయి ఆవిడ మొహమే తెలియలేదు, అదంతా తీసేసి మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక మొదలెట్టా. ఇంకోటి, ఆవిడది తెల్ల చీర కదా, ఫ్రేమ్‌లోకి వచ్చినప్పుడల్లా ఫోను తనంతట తనే వెలుతురు తగ్గించేస్తది, పక్కకెళ్తే పెంచేస్తది. స్క్రీన్ మీద ఆవిడ మొహం దగ్గర వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే వెలుతురు మారకుండా లాక్ పడుద్ది, ఆ ఒక్కటీ తెలిసేసరికి సగం తలనొప్పి పోయింది.

లోపల గదిలో తీసినప్పుడు ట్యూబ్‌లైట్ కింద స్క్రీన్ మీద నల్ల చారలు పాకుతా కనపడ్డాయ్. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుద్ది, ఒక్కో ఊపుకి రెండేసి చొప్పున ఆ లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటది, మన కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌లోకెళ్ళి షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే టైము, సెకనులో 1/50 వంతు పెట్టు, లేదా 1/100, చారలు పోతాయ్. అసలు లైటు ఆపేసి కిటికీ వెలుగులో తీస్తే ఇంకా బావుంటది అనుకో. కిటికీకి పంచె కట్టేశా, ఎదురుగా ఫ్రిజ్ అట్టపెట్టెలో వచ్చిన థర్మాకోల్ షీటు నిలబెట్టా, ఆ మెత్తటి వెలుగులో నానమ్మ చర్మం మీద ముడతలు ఎంత అందంగా ఉన్నాయో చూస్తే నాకే కళ్ళు చెమర్చాయ్ రా. ఇది నేను కనిపెట్టిందేం కాదు, సత్యజిత్ రాయ్ 1956లో తీసిన అపరాజితో అనే బెంగాలీ సినిమాలో కాశీ ఇంటి వాకిలి సెట్ వేసినప్పుడు కెమెరామాన్ సుబ్రత మిత్రా పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లు కింది నుంచి దాని మీదకి కొట్టించాడు, అది తిరిగి కిందకి పడితే అచ్చం ఆకాశం నుంచి దిగిన వెలుగులానే ఉంటది.

సౌండ్ దగ్గర మాత్రం నువ్వు చాలా జాగ్రత్తగా ఉండాలి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం వదిలేస్తారు. ఇంకో ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేసి నానమ్మ చీర కుచ్చిళ్ళలో దోపాను, మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టా, ఎడిటింగ్‌లో వీడియోలోని చప్పుడు, రికార్డింగ్‌లోని చప్పుడు ఒకే చోటికి కలిపేస్తే సరిపోద్ది. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి ఊరికే గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డ్ చేసి పెట్టుకో, కట్స్ మధ్య అది వెయ్యకపోతే చెవికి గుంటలో పడ్డట్టు ఉంటది. చివర్లో వాన రావాలి కదా, ఎండాకాలంలో వానెక్కడ, చాటలో బియ్యం పోసి మెల్లిగా అటూ ఇటూ ఆడించా, మా అమ్మ పక్కగదిలోంచి "వడియాలు తడుస్తాయిరా, తియ్యండి" అని కేకేసింది!

ఇప్పుడు అసలు సంగతి. నానమ్మకి నటించడం రాదు, ఏడుపు మొహం పెట్టమంటే నవ్వేస్తది. ఆవిడ పిట్టగోడ మీద కాకిని చూస్తున్నప్పుడు మొహం దగ్గర్నుంచి తీశా, తర్వాత మోగని ఫోను ఒక్కటీ విడిగా తీశా, రెండూ ఒకదాని వెనక ఒకటి అతికించా. చూసినోళ్ళందరూ కొడుకు కోసం ఎంత బాధపడుతోందో అన్నారు. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా డైరెక్టర్ ఇదే చేసి చూపించాడు వందేళ్ళ కిందట, ఒకే మొహం పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక పెడితే జనం ఒకసారి ఆకలన్నారు, ఒకసారి దుఃఖమన్నారు. అంటే ఆ భావం మొహంలో లేదురా, రెండు షాట్ల మధ్యలో ఉంది, చూసేవాడే అక్కడ పెడతాడు. లక్ష పెట్టి కెమెరా కొన్నా ఆ మధ్య చోటు అందులో రాదు. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం.

ఈ నెల్లో నువ్వు చెయ్యాల్సింది ఒకటే. సినిమా పుట్టిన కొత్తల్లో లూమియేర్ అన్నదమ్ములు 1895లో పారిస్‌లో చూపించిన సినిమాలు ఒక్కోటి 50 సెకన్లు అటూ ఇటూ, రీలు 17 మీటర్లే మరి. నువ్వు కూడా రోజుకి ఒకటి, ఫోను కదలకుండా పుస్తకాలకి ఆనించి 50 సెకన్లు తియ్, జూమ్ వద్దు, కట్ వద్దు. నేను టీ కొట్టు దగ్గర తీశా, మొదటి ముప్పై సెకన్లు ఏం లేదు, తర్వాత ఒక పిల్లోడొచ్చి గ్లాసులో బన్ను ముంచుకుని సగం కుక్కకి పెట్టాడు. ముందే ఆపేసుంటే అది నాకు దొరికేది కాదు. ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు ఆగాలో వాటితోనే తెలిసింది నాకు.

ఎడిటింగ్ కైన్‌మాస్టర్ అనే ఫోన్ యాప్‌లో చేశా, ఫ్రీగా వాడితే వాటర్‌మార్క్ పడుద్ది, లాప్‌టాప్ ఉంటే డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ చాలు. కెమెరా కదలాలంటే పీట కింద దుప్పటి మడిచి టైల్స్ మీద లాగుతున్నా, బానే వస్తోంది.

వచ్చే ఆదివారం రా, నానమ్మ మళ్ళీ వడియాలు పెడతానంటోంది, ఈసారి కథ నువ్వు చెప్పు. మీ తాతయ్య నల్ల గొడుగు ఉందిగా, అది తెచ్చుకో, డాబా మీద ఒక పక్క ఎండ ఆపాలి.

నీ మావ