ఏ కీ పాడైందో చెప్పలేదు నువ్వు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

నీ మెసేజ్ వచ్చి ఇవాళ్టికి 22 రోజులు. "అమ్మా, ల్యాప్‌టాప్ కీబోర్డు పాడైంది, తర్వాత రాస్తా" అన్నావు. అంతే, ఆ తర్వాత చప్పుడు లేదు. నేనేం అనట్లేదు, పనులుంటాయి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మాత్రలు వేసుకుంటున్నారు, నేను చేతికిస్తేనే. వేణుగాడు బండి అద్దం మళ్ళీ పగలగొట్టుకొచ్చాడు. పెరట్లో కరివేపాకు మోడులా అయిపోయిందనుకున్నాం కదా, మళ్ళీ చిగురేసింది.

ఇంతకీ పాడైందంటే ఏమైందే? మన కంప్యూటర్ సెంటర్‌కొచ్చేవాళ్ళూ ఇదే మాట అంటారు, "పనిచెయ్యట్లేదండీ" అని. జ్వరం అంటే డాక్టరు మందు రాసేస్తాడా? మొత్తానికి చచ్చిపోయిందా, ఒకట్రెండు కీలేనా, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోందా, ఒక్కసారి నొక్కితే నాలుగుసార్లు పడుతోందా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. నోట్‌ప్యాడ్ తెరిచి పై వరస నుంచి కింది దాకా ఒక్కో కీ నొక్కుతూ వెళ్ళు, పడనివి కాగితం మీద రాసుకో. రెండు నిమిషాల పని.

ముందుగా రీస్టార్ట్ చెయ్యి. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యడం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది, దానివల్ల షట్‌డౌన్ చేసినా పాత స్థితిలో కొంత డిస్కులో దాచుకుని మళ్ళీ దాన్నే లేపుతుంది. రీస్టార్ట్ అయితే అంతా మొదటినుంచి మొదలు. అయినా మారకపోతే, ఆన్ చేస్తున్నప్పుడే ఎఫ్2 టపటపా నొక్కు (హెచ్‌పీ అయితే ఎస్కేప్ గానీ ఎఫ్10 గానీ). బయాస్ తెర వస్తుంది. అక్కడ బాణం కీలు కదులుతున్నాయా చూడు. అక్కడికి విండోస్ ఇంకా రాదు కాబట్టి, అక్కడ పనిచేసి లోపల పనిచెయ్యకపోతే తప్పు విండోస్‌ది. అక్కడా చెయ్యకపోతే కీబోర్డుదో, దాన్ని లోపల కలిపే రిబ్బన్ కేబుల్‌దో. రూములో ఎవరిదైనా యూఎస్‌బీ కీబోర్డు ఉంటే అడిగి పెట్టి చూడు. అది బాగా పనిచేసి ల్యాప్‌టాప్‌ది చెయ్యకపోతే అనుమానం ల్యాప్‌టాప్ కీబోర్డు మీద. రెండూ ఒకేలా తప్పు కొడితే సెట్టింగులో ఏదో ఉంది.

తప్పు విండోస్‌దని తేలితే స్టార్ట్ బటన్ మీద మౌస్‌తో రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళు. కీబోర్డ్స్ కింద ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యి, డ్రైవర్, అంటే కీబోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్, తనంతట తనే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. భయపడకు.

ఒక్క కీ కూడా పడకపోయినా రాయడానికి అడ్డేం లేదు, తెలుసా? సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్, అందులో ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఆన్ చేస్తే తెర మీదే అక్షరాలు వస్తాయి, మౌస్‌తో నొక్కుకోవచ్చు. పాస్‌వర్డ్ కొట్టే తెర మీద కూడా కుడివైపు కింద మూల ఆ బొమ్మ ఉంటుంది. ఫోన్‌లో కీబోర్డు ఎలాగూ ఉంది. ఊరికే చెబుతున్నా.

నాకు అన్నిటికన్నా పెద్ద అనుమానం భాష మీద. దసరాకి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో తెలుగు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేనే పెట్టాను కదా. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది, చెయ్యి జారినా మారుతుంది. హెచ్, జె, కె, ఎల్ నొక్కు. ప, ర, క, త వస్తే పాడైంది ఏమీ లేదు, మళ్ళీ విండోస్ కీ, స్పేస్ నొక్కితే ఇంగ్లీషుకి వస్తుంది. షిఫ్ట్‌తో 2 నొక్కితే ఎట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు పడుతోందంటే బ్రిటన్ లేఅవుట్, అంటే వాళ్ళ కీల అమరిక, ఎక్కిందని. దాన్ని లిస్టులోంచి తీసేసి ఇంగ్లీషు ఇండియా ఉంచు, కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే రూపాయి గుర్తు కూడా వస్తుంది. నంబర్ల దిమ్మ విడిగా లేని పాత ల్యాప్‌టాప్ అయితే ఇంకో తమాషా: నమ్‌లాక్ పడితే జె, కె, ఎల్ కాస్తా 1, 2, 3 అవుతాయి, యు, ఐ, ఓ 4, 5, 6 అవుతాయి. ఎక్సెల్‌లో బాణం నొక్కితే గడి కాకుండా షీటంతా జరుగుతుంటే అది స్క్రోల్ లాక్ పని.

మాస్టారి సంగతి చెప్పాలి నీకు. మన వీధి చివర సుబ్బారావు మాస్టారు, లగ్నపత్రికలు ఆయనే టైపు చేసుకుంటారు కదా. పోయిన నెల ఆయన కీబోర్డు మొండికేసింది. కీ నొక్కితే పడదు, గట్టిగా పట్టుకుంటే ఒక్క అక్షరం పడుతుంది. "వధువు" అని కొట్టడానికి అర నిమిషం. బజార్లో ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే కీబోర్డు పోయింది మార్చాలన్నాడట. మార్చారు. ఇంటికి తెచ్చి పెట్టుకుంటే కొత్తదీ అంతే. మళ్ళీ వెళ్తే ఈసారి మదర్‌బోర్డు అన్నాడట. అప్పుడు మాస్టారికి గుండె జారింది. పెళ్ళిళ్ళ రోజులు, చేతిలో ఆరు పత్రికలున్నాయి. మాస్టారమ్మ గారు నన్ను పిలిచారు. కొత్త కీబోర్డులో అదే రోగం ఉందంటే రోగం కీబోర్డుది కాదని అక్కడే తేలిపోలేదూ! బయాస్‌లోకి వెళ్తే బాణాలు చక్కగా కదిలాయి. అంటే మదర్‌బోర్డూ కాదు. సెట్టింగ్స్‌లో చూస్తే ఫిల్టర్ కీస్ ఆన్‌లో ఉంది. వేళ్ళు వణికేవాళ్ళ కోసం పెట్టిన సదుపాయం అది, తేలిగ్గా తగిలిన నొక్కుల్ని లెక్కలోకి తీసుకోదు. కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆన్ చెయ్యమంటారా అని అడుగుతుంది. మాస్టారు అదెక్కడ నొక్కారు? తీరా చూస్తే ఆయన పంచాంగం తెరిచి కీబోర్డు కుడి చివర ఆనించుకుని చూసి కొడతారు. పంచాంగం అట్ట షిఫ్ట్ మీద బరువు! తెర మీద ఏదో అడిగింది, ఈయన ఎంటర్ కొట్టేశారు. "ఏదో అడిగిందమ్మా, మంచిదే అయ్యుంటుందని సరే అన్నాను" అంటారు. ఆ ఒక్కటీ ఆఫ్ చేస్తే పాత కీబోర్డూ పనిచేసింది, కొత్తదీ పనిచేసింది. ఇప్పుడు ఆయనకి రెండున్నాయి. పంచాంగానికి చెక్క స్టాండు చేయించుకున్నారు.

అందుకే చెబుతున్నా, తెర మీద ఏం అడుగుతోందో చదివి సరే అను. షిఫ్ట్ వరసగా 5 సార్లు నొక్కినా స్టికీ కీస్ అని ఇంకోటి అడుగుతుంది. అదే సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద ఈ రెండిటి షార్ట్‌కట్లూ ఆఫ్ చేసి పెట్టుకో, జన్మలో అడగదు.

పద్మక్క వాళ్ళ శ్రీను పూణె నుంచి వచ్చాడు మొన్న. నువ్వు ఆ పాత రూములో లేవట, ఖాళీ చేసి నెల దాటిందట. నేను నమ్మలేదు. మారితే నాకు చెప్పకుండా ఉంటావా. వాడికి చిన్నప్పట్నుంచీ సగం విని సగం కల్పించే అలవాటు.

సరే, టీ సంగతికొద్దాం. రాత్రి రెండింటికి టీ పెట్టుకుని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుంటావు, నాకు తెలీదనుకోకు. ఒలికిందా? ఒలికితే ఒలికిందని చెప్పు, నేనేం అరవను. మంచినీళ్ళకన్నా టీ చెడ్డది. నీళ్ళు ఆరిపోతాయి, చక్కెరా పాలూ లోపలే జిగురుగా ఉండిపోతాయి. ఒలికిన క్షణంలో పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టి ఆపెయ్యాలి, చార్జర్ పీకెయ్యాలి, బ్యాటరీ ఊడేదైతే ఊడదియ్యాలి. తడి ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండదు, తడిలో కరెంటు పారితే రాగి గీతలు తినేసుకుపోతాయి. తర్వాత తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు, గుడారంలా, కింద తువ్వాలు వేసి ఫ్యాను కింద కనీసం 48 గంటలు ఉంచాలి. బియ్యంలో పెట్టమంటారు, పెట్టకు. బియ్యం లోపలి తడిని లాగలేదు, దుమ్మూ పిండీ మాత్రం చేరతాయి. హెయిర్ డ్రయ్యర్ వేడికి లోపలి ప్లాస్టిక్ పొరలు వంకరపోతాయి. ఆరిందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చెయ్యకు. అందరూ చేసే తప్పు అదే.

టీయే అని ఎందుకు అనుమానమంటే, ఒక్కో కీకి ఒక్కో తీగ ఉండదు. అడ్డగీతలూ నిలువుగీతలూ వలలా ఉంటాయి, రెండు గీతలు కలిసేచోట ఒక కీ. ఒక్క గీత తెగితే దాని మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి, అవి పక్కపక్కనే ఉండాలని కూడా లేదు. అందుకే పడని కీల లిస్టు రాయమన్నది. నాలుగైదు కీలు ఒక్క రోజే పోతే గీత పోయిందని, దాన్ని తుడిచి బాగుచెయ్యలేం. ఒక్క కీయే అయితే కింద మురికో, రబ్బరు బుడగ జారిందో.

ఒక్క కీ అయితే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆపేసి, చార్జర్ తీసి, ల్యాప్‌టాప్ పక్కకి వాల్చి పట్టుకుని అంగుళం పెయింట్ బ్రష్ కొత్తది కొనుక్కుని కీల సందుల్లో దులుపు. బిస్కట్ పొడి ఎంత రాలుతుందో చూసి సిగ్గుపడు. ఆ పొడికి చీమలు కూడా చేరతాయి. గాలి డబ్బా కొడితే డబ్బా నిలువుగా పట్టుకుని చిన్న చిన్న దెబ్బలు కొట్టు, తలకిందులు చేస్తే గాలి బదులు చల్లటి ద్రవం చిమ్ముతుంది. జిగురుగా ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సెల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. దూదిపుల్లకి తడిచేసి కీ చుట్టూ రాసి, ఇరవైసార్లు నొక్కి వదిలి, అరగంట ఆరనివ్వు. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళూ గ్లిజరిన్ కలుపుతారు, ఇంకా జిగురవుతుంది. కిటికీలు తీసి చెయ్యి, దగ్గర్లో అగ్గిపెట్టె లేకుండా.

కీ టోపీ ఊడదియ్యడం నీకెందుకు. తీసే తీరుతానంటే ముందు ఫోటో తీసుకో. ల్యాప్‌టాప్‌లో దాని కింద కత్తెరలాంటి సన్నటి ప్లాస్టిక్ జోడీ ఉంటుంది, విరిగితే ఆ కీకి సరిపోయేది దొరకడం కష్టం. స్పేస్‌బార్ మాత్రం అస్సలు ముట్టుకోకు, దాని కింద ఇనుప తీగ ఉంటుంది, మళ్ళీ ఇరికించేసరికి తాతలు దిగొస్తారు.

ఇంకొకటి, ఇది మాత్రం ఇవాళే చూడు, నవ్వకుండా. ల్యాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టి మూలలు నొక్కు. ఊగుతోందా? కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టుందా, టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదా? అయితే అది కీబోర్డు జబ్బు కాదు, కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది. వెంటనే ఆపెయ్యి, చార్జింగు పెట్టకు, చేత్తో అదిమి సరిచెయ్యకు, సూదితో పొడవకు. మంటలు లేస్తాయి. మంచం మీద, పరుపు మీద పెట్టకుండా నేరుగా కంపెనీ సర్వీసు సెంటర్‌కి పట్టుకెళ్ళు. ఇది చూశాక ఒక్క మాట, ఉబ్బిందనో లేదనో, రాత్రయినా సరే మెసేజ్ పెట్టు. నేను మేలుకునే ఉంటాను.

సర్వీసుకిచ్చే ముందు ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. కొన్ని మోడళ్ళలో కీబోర్డు స్క్రూలతో ఉంటుంది, తేలిగ్గా మారుస్తారు. కొన్నిట్లో పై మూతకి ప్లాస్టిక్ రివెట్లతో అతికించి ఉంటుంది, మూతంతా మార్చాలంటారు. రెండో రకమైతే ఒప్పుకోకముందు నాకు చెప్పు. డబ్బు చూసుకోకు, అదే కారణమై ఊరుకున్నావేమో అని కూడా అనిపిస్తోంది. శ్రీను మాట నిజమై, అద్దె తగ్గుతుందనే మారావనుకో, అయినా నాన్న ఏమీ అనరు.

ఈలోగా నీ కోసం వైరు కీబోర్డు ఒకటి తీసి పెట్టాను. వైర్‌లెస్ వద్దన్నాను వేణుగాడితో. దానికి బ్యాటరీలు కావాలి. దాని రిసీవర్ని నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే ఆ పోర్టు రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి అడ్డొచ్చి అక్షరాలు మింగుతుంది, నువ్వు మళ్ళీ పాడైందంటావు. వైరుదయితే గుచ్చితే చాలు. వైరు కీబోర్డులో పోయేది ముఖ్యంగా వైరే, అది కూడా కీబోర్డులోకి దూరే చోట, కాబట్టి అక్కడ మడతపెట్టి చుట్టకు.

దానితోపాటు కందిపొడి అరకిలో, చింతకాయ పచ్చడి చిన్న సీసా పెట్టాను. సీసా మూతకి టేపు వేసి రెండు కవర్లలో కట్టాను, నూనె కారి కీబోర్డు మీద పడకుండా దాన్ని విడిగా అట్టపెట్టెలో ఉంచాను. దాని చుట్టూ నీ పాత స్వెటర్ చుట్టాను. అదీ వేసుకో, పూణెలో పొద్దున్నే చలిగా ఉంటుందంటున్నారు.

పెట్టె కుట్టేశాను. కొరియర్ అబ్బాయి రేపు సాయంత్రం 5కి వస్తానన్నాడు. మీద నీ పేరూ ఫోన్ నంబరూ రాశాను, కింద అడ్రసు చోటు ఖాళీగా ఉంచాను. రేపు 5 లోపు పంపు. కొత్తదైతే కొత్తది.

అమ్మ